చెప్పడం కూడా పనే

పెళ్ళయిన కొత్తలో భార్యాభర్తల మధ్య వచ్చే తగవుల మీద కథలున్నాయి, పాటలున్నాయి, సినిమాలున్నాయి. బిడ్డ పుట్టాక వచ్చే తగవుల గురించి చెప్పుకునేవారు తక్కువ. పసిబిడ్డ ఉన్న ఇల్లు ఎప్పుడూ సంతోషంగా ఉంటుందని అందరూ అనుకుంటారు. సంతోషం ఉంటుంది, నిజమే. దాని పక్కనే నిద్రలేమి ఉంటుంది, డబ్బు ఇబ్బంది ఉంటుంది, "ఈ పని ఎవరిది?" అన్న ప్రశ్న కూడా ఉంటుంది. మొదటి రెండూ మనందరికీ తెలిసినవే. మూడోదాని గురించే నేను ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను.

మాది సిరిసిల్ల. మరమగ్గాల ఊరు. మరమగ్గాన్ని మేము సాంచా అంటాము. మా ఆయన సాంచాలు నడుపుతాడు. నేను బీడీలు చుడతాను. మా ఊళ్ళో చాలా ఇళ్ళలో ఇదే తీరు: మగవాళ్ళు సాంచాల దగ్గర, ఆడవాళ్ళు బీడీల చాట ముందు. సాంచాల దగ్గర డ్యూటీ 12 గంటలు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. నెల జీతం లేదు, నేసిన మీటర్ల లెక్కన కూలి. కరెంటు పోతే మీటర్లు పోతాయి, మీటర్లు పోతే కూలి పోతుంది. బీడీల కూలి వెయ్యి లెక్కన. 25 బీడీలు ఒక కట్ట, 40 కట్టలు వెయ్యి. చేయి తిరిగిన మనిషికి కూడా వెయ్యి బీడీలు చుట్టడానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడుతుంది. తునికాకు తడపడం, కత్తిరించడం, చుట్టినవి కార్ఖానాకు మోసుకుపోయి అప్పజెప్పడం వేరే. ఈ లెక్కలు ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మా పెద్దబిడ్డ 2011లో పుట్టింది. తొలికాన్పు కాబట్టి ఆచారం ప్రకారం తల్లిగారింటికి వెళ్ళాను. మా తల్లిగారిది వేములవాడ దగ్గర ఒక పల్లె. అక్కడ ఉన్నన్నాళ్ళు నేను చేసిన పని బిడ్డకు పాలివ్వడం ఒక్కటే. మిగిలినదంతా మా అమ్మ చేతుల మీద నడిచింది. కాళ్ళు చాపుకొని కూర్చుని, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకొని, నూనె రాసి, కాళ్ళూ చేతులూ సాగదీసి, నీళ్ళు పోసి, ఊదు పొగ వేసి నిద్రపుచ్చేది. పుట్టిన బిడ్డ మొదటి వారాల్లో రాత్రీ పగలూ కలిపి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. అలాంటి సమయంలో పచ్చి బాలింతకు మరో పని లేకుండా చూసే ఆచారం ఎంత మంచిదో అనుభవించిన వారికి తెలుసు.

అయితే ఈ ఆచారంలో ఇంకో సంగతి ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ నెలల్లో తండ్రి చుట్టమైపోతాడు. మా ఆయన నాలుగుసార్లు వచ్చాడు. పండ్లు తెచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చున్నాడు. బిడ్డను చేతికిస్తే రెండు నిమిషాలు ఎత్తుకొని, మెడ ఎక్కడ పట్టుకోవాలో తెలియక, మళ్ళీ మా అమ్మకే ఇచ్చేశాడు. అందరూ నవ్వారు. ఆచారం తల్లికి విశ్రాంతినిస్తుంది, తండ్రికి మాత్రం ఏమీ నేర్పదు. అయిదో నెలలో బిడ్డనెత్తుకొని సిరిసిల్ల వచ్చేసరికి నాకు అయిదు నెలల అనుభవం ఉంది, ఆయనకు నాలుగు రోజుల అనుభవం కూడా లేదు.

బి.వై. నగర్‌లో మాది అద్దెకు ఒక గది, దానికి ఆనుకొని చిన్న వంటిల్లు. చుట్టూ సాంచాల చప్పుడు. ఆ చప్పుడుకు అలవాటుపడిన బిడ్డ హాయిగా నిద్రపోయేది, కరెంటు పోయి చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేచి ఏడ్చేది! ఇది బయటి ఊరివాళ్ళకు చెబితే నమ్మరు.

పగలు డ్యూటీ వారంలో ఆయన రాత్రి నిద్రపోవాలి. సాంచాల దగ్గర కునుకు తీస్తే చేయి పోతుంది. రాత్రి డ్యూటీ వారంలో పగలు నిద్రపోవాలి. అంటే ఏ వారమైనా బిడ్డ ఏడిస్తే లేవవలసింది నేనే. రాత్రి డ్యూటీ వారంలో అయితే, ఉన్న ఒక్క గదిలో ఆయన పడుకున్నప్పుడు బిడ్డనూ, బీడీల చాటనూ తీసుకొని పక్కింటివాళ్ళ అరుగు మీదికి పోయి కూర్చునేదాన్ని. బిడ్డ పాలకు ఏడిస్తే చాట పక్కన పెట్టాలి. చేతికి తంబాకు ఉంటుంది కాబట్టి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవాలి. పాలిచ్చి, భుజాన వేసుకొని తట్టి, పడుకోబెట్టి, మళ్ళీ చాట అందుకోవాలి. ఒక్కోసారికి 30 బీడీల పని పోయేది. రోజుకు ఎన్నిసార్లో మీరే లెక్క వేయండి. వెయ్యి బీడీలు 600కు దిగాయి.

ఒకరోజు కూలి డబ్బులు చూసి ఆయన, "ఇదివరకు వెయ్యి చేస్తుంటివి" అన్నాడు.

"బిడ్డను నువ్వు ఎత్తుకో, పదిహేను వందలు చేస్త" అన్నాను.

మా ఇంట్లో అసలైన మొదటి తగవు అదే. ఆ తరువాత చాలా వచ్చాయి. కూరలో ఉప్పు మీద వచ్చింది. సైకిలు తాళం మీద వచ్చింది. మా ఆడబిడ్డ ఫోను చేస్తే నేను సరిగా మాట్లాడలేదని ఒకటి వచ్చింది. తరువాత ఆలోచిస్తే వీటిలో ఒక్కటీ ఉప్పు గురించి కాదు, తాళం గురించి కాదు. నిద్రలేని ఇద్దరు మనుషులు న్యాయం మాట్లాడుకోలేరు. ఇది నా గట్టి నమ్మకం. పెద్దమనుషులు పంచాయితీకి కూర్చునే ముందు ఆ ఇద్దరికీ ఒక పూట నిద్ర దొరికిందో లేదో అడిగితే సగం పంచాయితీలు అక్కడే తేలిపోతాయి.

ఆ రోజుల్లో నేనొక పని చేశాను. తలుపు వెనక గోడ మీద, రాత్రి లేచిన ప్రతిసారీ సుద్దముక్కతో ఒక గీత గీయడం మొదలుపెట్టాను. మూడు రోజులకు ఆయన చూశాడు. ఏమీ అనలేదు. మర్నాడు నా గీతల పక్కన ఆయన గీతలు కనిపించాయి. నల్లా దగ్గర బిందెలు మోసినందుకు ఒకటి, గ్యాసుబండ తెచ్చినందుకు ఒకటి, డ్యూటీకి పెద్ద గీత ఒకటి. పదిహేను రోజుల్లో ఆ గోడ కిరాణా దుకాణం ఉద్దెర ఖాతాలాగా తయారయింది. ఆ తరువాత బేరాలు మొదలయ్యాయి. బిడ్డ పొత్తిగుడ్డలు ఉతకడం ఎన్ని బిందెలకు సమానం? పాలివ్వడాన్ని పని కింద రాయవచ్చా? అర్ధరాత్రి లేవడం, పగలు లేవడం ఒకటేనా? ఈ లెక్కకు అంతులేదు. దసరాకు గోడకు సున్నం వేసినప్పుడు గీతలు పోయాయి. కానీ ఆ గీతల వల్ల ఒక లాభం జరిగింది. అంతవరకు ఆయన పని నాకు వినపడేది కాదు, నా పని ఆయనకు కనపడేది కాదు. గోడ మీద రెండూ కనిపించాయి. లెక్క తేలలేదు గాని, ఎదుటివారు ఊరికే కూర్చోలేదన్న సంగతి తేలింది.

ఇక్కడ ఒక నిమిషం ఆగి మీ ఇంటి సంగతి జ్ఞాపకం తెచ్చుకోండి. మీ ఇంట్లో గోడ మీద గీతలు ఉండకపోవచ్చు. మనసులో ఉండే ఉంటాయి.

ఆ చలికాలంలో బిడ్డకు జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయి. ఆయనది రాత్రి డ్యూటీ. ఫోను చేశాను, ఎత్తలేదు. సాంచాల కార్ఖానాలో ఆ చప్పుడుకు ఫోను మోగినా వినపడదు. పక్కింటి అక్కను తోడు తీసుకొని, దగ్గర ఉన్న డబ్బులు కొంగున కట్టుకొని ఆసుపత్రికి పోయాను. అక్కడ ఉప్పు చక్కెర పొడి కలిపిన నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించారు. తెల్లవారేసరికి బిడ్డ తేరుకుంది. పొద్దున్నే డ్యూటీ దిగి వచ్చిన ఆయన సంగతి విని, బిడ్డ నుదురు తాకి చూసి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ గోడవైపు తిరగడం నేను సహించలేకపోయాను. ఆ మధ్యాహ్నమే బిడ్డనెత్తుకొని వేములవాడ బస్సు ఎక్కాను.

పదకొండు రోజులు తల్లిగారింట్లో ఉన్నాను. ఇక తిరిగి పోనని అనుకున్న రోజులు కూడా వాటిలో ఉన్నాయి. పన్నెండో నాడు రెండువైపుల పెద్దలు కూర్చున్నారు. ఇలాంటి కూర్చోవడాలు మీరు చూసే ఉంటారు. "సర్దుకపోవాలె బిడ్డా" అని నాతో అన్నారు. "కోపం తగ్గించుకో" అని ఆయనతో అన్నారు. ఈ రెండు మాటలకు ఎంత పొద్దు పట్టిందో! మా ఆయన కింది చూపులు చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు మా పెద్దమ్మ నోరు విప్పింది. ఆమె నలభై ఏళ్ళు బీడీలు చుట్టి ముగ్గురు పిల్లలను ఒంటరిగా పెంచిన మనిషి. ఆయన వైపు తిరిగి, "అల్లుడా, నీ బిడ్డకు ఇంక ఏ సూది ఎయ్యాలెనో తెలుసా?" అని అడిగింది.

ఆయన తెలియదన్నాడు.

"ఏ రాత్రి ఎన్నిసార్లు లేస్తదో తెలుసా?"

దానికీ తెలియదన్నాడు.

"నీకు ఎట్ల తెలుస్తది? నిన్ను ఎవలన్న అడిగిండ్రా, నీకు ఎవలన్న చెప్పిండ్రా?" అంది. నా సంచి దగ్గరికి జరుపుకొని, టీకాల కార్డు బయటికి తీసి, ఆయన అంగీ జేబులో పెట్టింది. "గీ కాయితం ఇయ్యాల్టి సంది నీది. ఎన్నడు ఏ సూదో నువ్వే సూసుకోవాలె. గీ పిల్ల నీకు యాది చెయ్యది" అంది.

మా పెద్దలకు అదేం తీర్పో అర్థం కాలేదు. ఒకాయన నవ్వాడు కూడా. కానీ ఆ కార్డు జేబులో పడ్డాక మా ఆయన మొదటిసారి మాట్లాడాడు. బిడ్డ 21వ రోజు పండుగకు వడ్డీకి అప్పు తెచ్చాడట. ఆ సంగతి నాకు తెలియదు. బాలింతకు అప్పుల మాట చెబితే పాలు ఇగిరిపోతాయని ఎవరో అంటే చెప్పలేదట. వడ్డీ కట్టడానికి సెలవు దినాల్లో కూడా ఇంకొక కార్ఖానాలో డ్యూటీ చేస్తున్నాడట. మా ఊరి సంగతి తెలిసినవారికి ఈ మాట బరువు అర్థమవుతుంది. 1990ల చివరి నుంచి కొన్నేళ్ళపాటు సిరిసిల్లలో అప్పుల బాధకు నేత కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పటికి మా ఆయన మీసాలు రాని పిల్లవాడు. వాళ్ళ వాడకట్టులోనే చూశాడు. అప్పు అన్న మాట ఆయన నోటివెంట తేలికగా రాదు. ఆ పొద్దున గోడవైపు తిరిగినప్పుడు, ఆసుపత్రికి ఎంత ఖర్చయిందో అడగడానికి భయపడ్డాడట.

ఆయన భయం తెలియడం వల్ల నా అలసట తగ్గలేదు. ఈ మాట చెప్పడం అవసరం. ఒకరి కష్టం అర్థమైతే ఇంకొకరి కష్టం తీరిపోయినట్టు కొందరు మాట్లాడతారు. అలా జరగదు. పని మిగిలే ఉంటుంది, ఎవరో ఒకరు చేయాలి. అయితే ఆ రోజునుంచి మేము మాట్లాడుకోవలసింది ఏమిటో ఇద్దరికీ తెలిసింది.

సిరిసిల్లకు తిరిగి వచ్చాము. తొమ్మిదో నెలలో వేయవలసిన తట్టు టీకాకు ఆయనే నర్సమ్మను అడిగి తేదీ తెలుసుకొని, బిడ్డనెత్తుకొని అంగన్‌వాడీకి పోయి వేయించుకొచ్చాడు. అక్కడ వరుసలో అందరూ తల్లులే. ఒక్కడే తండ్రి. సూది వేసినప్పుడు బిడ్డకంటే ఆయనకే ఎక్కువ నొప్పి అయినట్టుందని అంగన్‌వాడీ టీచరు నాతో చెప్పి నవ్వింది. బిడ్డ బరువు ఎంత ఉందో ఆయన ఇంటికి వచ్చి నాకు చెప్పాడు. అంతకుముందు ఎప్పుడూ నేనే ఆయనకు చెప్పేదాన్ని.

ఆ తరువాత బిడ్డకు నీళ్ళు పోసే పని తీసుకున్నాడు. రాత్రి డ్యూటీ వారంలో పొద్దున వచ్చాక, పగలు డ్యూటీ వారంలో సాయంత్రం వచ్చాక. మొదటి రోజుల్లో ఇలా ఉండేది: "సబ్బు ఏడున్నది? నీళ్ళు గింత కాగితె సాలునా? తుడిసే బట్ట ఏది? ఏ అంగీ తొడగాలె?" నేను చాట ముందునుంచి ఒక్కొక్కదానికి జవాబు చెప్పేదాన్ని. చేతులు బీడీల మీద, ధ్యాస నీళ్ళ మీద. ఆయన నీళ్ళు పోసినట్టే గాని, ఆ పనిని నడిపిస్తున్నది నేనే. చెప్పడం కూడా పనే. ఏ డబ్బాలో ఏముందో, ఏది ఎప్పుడు అయిపోతుందో, ఏ బట్ట ఆరిందో గుర్తుపెట్టుకోవడం చేతికి కనపడని పని. అది బీడీలలాగా కట్టలు కట్టి లెక్క పెట్టేది కాదు. అందుకే ఎవరూ దాన్ని పని అనుకోరు.

ఈ మాట ఆయనతో చెప్పాను. రెండు రోజులు అలిగాడు. "చేస్తున్న కదా, ఇంకేంది?" అన్నాడు. మూడో రోజు సబ్బు, నూనె, తువ్వాల, అంగీలు అన్నీ ఒక ప్లాస్టిక్ తొట్టిలో పెట్టి తన మంచం కింద పెట్టుకున్నాడు. అప్పటినుంచి నేను ఆ సమయానికి చాట తీసుకొని పక్కింటి అరుగు మీదికి పోయేదాన్ని. బిడ్డ ఏడుపు వినిపిస్తే లేచి పోవాలని కాళ్ళు లాగేవి. పోలేదు. మొదటి వారం బిడ్డకు అంగీ వెనకది ముందుకు తొడిగాడు. నూనె ఎక్కువ రాసి పక్కబట్టలు పాడుచేశాడు. బిడ్డకు మాత్రం ఏమీ కాలేదు. నెల తిరిగేసరికి ఆయన నీళ్ళు పోస్తే తప్ప నిద్రపోని పిల్లయింది.

వాడకట్టులో నవ్వారు. అది పెద్ద సంగతి కాదు, నవ్వేవాళ్ళు నాలుగు రోజులకు అలసిపోతారు. పెద్ద సంగతి మా అత్తమ్మ. పల్లెనుంచి వచ్చి, గడపలో అడుగుపెట్టేసరికి కొడుకు కాళ్ళు చాపుకొని బిడ్డకు నీళ్ళు పోస్తున్నాడు. కోడలు బయట అరుగు మీద ఉంది. ఆమె మొహం మాడిపోయింది. "రాత్రంత సాంచాల మీద పని జేసి వచ్చిన పిలగానితోటి గీ పని జేయిస్తవా?" అని నన్ను అడిగింది. నేను జవాబు చెప్పేలోపల ఆయనే, "నేనే పోస్తున్ననే అమ్మా, దీని మొకం జూసి పన్నెండు గంటలు అవుతది" అన్నాడు. ఆమె ఇంకేమీ అనలేదు. కాసేపు నిలబడి చూసింది. తరువాత చెంబు పక్కన కూర్చుని, "మెడకింద చెయ్యి పెట్టు, గట్ల కాదు, ముక్కులకు నీళ్ళు పోతయి" అని సరిదిద్దడం మొదలుపెట్టింది. నా మీద ఆమె కోపం పూర్తిగా పోయిందని చెప్పను. ఇప్పటికీ పండుగ పూట ఆ మాట ఎత్తుతుంది.

తగవులకు కూడా ఒక సమయం ఏర్పరచుకున్నాము. ఆయన డ్యూటీ దిగి వచ్చిన గంటలో ఏ సంగతీ ఎత్తకూడదు. బిడ్డ ఏడుస్తున్నప్పుడు ఎత్తకూడదు. వారానికి ఒకసారి డ్యూటీ మారే రోజున కొంత తీరిక దొరుకుతుంది. ఆ రోజు ఒక నోటుపుస్తకం ముందు వేసుకొని కూర్చునేవాళ్ళం. ఆయన కూలి, నా కూలి, అప్పు, వడ్డీ, అన్నీ అందులో రాసేవాళ్ళం. వారంలో కోపం వచ్చిన సంగతి ఏదైనా ఉంటే కింద ఒక ముక్క రాసిపెట్టుకునేవాళ్ళం. సగం ముక్కలు ఆ రోజు వచ్చేసరికి మాకే నవ్వు పుట్టించేవి. మిగతా సగం మీద గట్టిగానే పోట్లాడుకునేవాళ్ళం. పోట్లాట ఆగలేదు. అర్ధరాత్రి పోట్లాట ఆగింది, అంతే. ఆ అప్పు తీరడానికి రెండేళ్ళు పట్టింది.

ఆ పుస్తకంలో రాస్తూ రాస్తూనే నాకు చదువు మీద మళ్ళీ మనసు పోయింది. నేను ఏడో తరగతిలో బడి మానేసినదాన్ని. 2013లో ఓపెన్ స్కూల్లో పదో తరగతికి పేరు రాయించుకున్నాను. ఆయన మొదట, "చదివి ఏం జేస్తవ్?" అన్నాడు. ఆ ముక్క పుస్తకంలోకి ఎక్కింది. రెండు వారాలు దాని మీదే మాట్లాడుకున్నాం. ఆదివారాల్లో తరగతులు. ఆదివారం ఆయనకు డ్యూటీ లేకపోతే బిడ్డ ఆయన దగ్గర, డ్యూటీ ఉంటే మా పక్కింటి అక్క దగ్గర. అక్క దగ్గర వదిలిన రోజు, ఆమెను ముందుగా అడగడం ఆయన పని. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది. ఎవరి దగ్గరికైనా పోయి "మా బిడ్డను చూసుకుంటావా" అని అడగడం ఎంత మొహమాటమైన పనో, ఎప్పుడూ అడిగే తల్లులకే తెలుసు. మొదటిసారి నాలుగు సబ్జెక్టులు గట్టెక్కాను. లెక్కలు రెండోసారికి అయ్యాయి.

మా బాబు 2016లో పుట్టాడు. ఈసారి తల్లిగారింటికి పోలేదు, మా అమ్మే నెలరోజులు వచ్చి ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైన తండ్రులకు కాన్పు సమయంలో 15 రోజుల జీతంతో కూడిన సెలవు ఉంటుంది. చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట్ల తల్లులకు మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవు ఉంది. మీటర్ల లెక్కన కూలి తీసుకునే తండ్రికి అలాంటిదేమీ లేదు. మా ఆయన ఆరు నెలల ముందునుంచి కొంచెం కొంచెం దాచి, పది రోజులు కూలి లేకుండా ఇంట్లో ఉన్నాడు. ఆ పది రోజులు మా అమ్మ ఆయనకు ఏ పనీ చెప్పలేకపోయింది, ఎందుకంటే ఆమె చెప్పకముందే ఆయనకు అన్నీ తెలుసు. ఆమెకు అది అంతగా నచ్చలేదని నా అనుమానం!

2019లో దేశమంతటా ఎవరు ఏ పనికి ఎంత సమయం వెచ్చిస్తున్నారో ప్రభుత్వం సర్వే చేసింది. ఆ లెక్కలు పేపర్లో వస్తే ఆయనకు చదివి వినిపించాను. జీతం లేని ఇంటిపని చేసేవారు ఆడవాళ్ళలో నూటికి 81 మంది, మగవాళ్ళలో నూటికి 26 మంది. చేసేవాళ్ళలో కూడా ఆడవాళ్ళు సగటున రోజుకు 299 నిమిషాలు చేస్తే మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తారు. ఆయన కాసేపు వేళ్ళు మడిచి లెక్క వేసుకొని, "నేను తొంభై ఏడుకు ఎక్కనే ఉన్న" అన్నాడు. "మరి 299కి?" అన్నాను. "డ్యూటీ లేని నాడు" అన్నాడు. ఇద్దరికీ నవ్వు వచ్చింది. అది నిజమే. మా ఇంట్లో పని ఇప్పటికీ సమానం కాదు. డ్యూటీ 12 గంటలున్నంతకాలం సమానం కావడం కుదరదు. కానీ ఏ పని ఎవరిదో ఇద్దరికీ తెలుసు. ఆయన పనిని నేను యాది చేయను, నా పనికి ఆయన వంక పెట్టడు, మామూలుగా.

ఈ మధ్య కొత్త ముక్కలు పుస్తకంలోకి వస్తున్నాయి. పెద్దబిడ్డ హైస్కూలు చదువు ముగింపుకు వచ్చింది. ఇంటర్మీడియట్‌కు ఆమెను హాస్టలుకు పంపాలని ఆయన అంటాడు. ఇక్కడే ఉండి చదవాలని నేనంటాను. ఈ పసిబిడ్డను ఎత్తుకోవడానికి భయపడ్డ మనిషి, ఇప్పుడు ఆమెను దూరం పంపడానికి నాకంటే ధైర్యంగా ఉన్నాడు. బిడ్డను అడిగితే, "మీరిద్దరు ముందు తేల్చుకోండ్రి, అటెన్క నేను చెప్త" అంటుంది. పోయిన వారం ఆయన ఒక్కడే పోయి ఆ హాస్టలు చూసి వచ్చాడు. నీళ్ళు ఎలా ఉన్నాయి, రాత్రి వార్డెన్ ఎవరుంటారు, తలుపులకు గడియలున్నాయా, అన్నీ అడిగి కాగితం మీద రాసుకొచ్చాడు. కాగితం పుస్తకంలో ఉంది. నేను ఇంకా చదవలేదు. డ్యూటీ మారే రోజుకు ఇంకా మూడు రోజులుంది.